బూట్ల సినిమా

జూన్ 3, సోమవారం

ఆఫీసు రిజిస్టర్లో 'రిమార్కులు' అనే గడి అంగుళం వెడల్పుంటుంది. అందులో 'బుస ఎక్కువ, చిటపటలు మధ్యస్థం' అని రాయడానికి తప్ప దేనికీ చోటు లేదు. మిగతా తిట్లన్నీ ఎక్కడ రాసుకోవాలి? అందుకే ఈ డైరీ కొన్నాను.

కొత్తగా ఆరు పాత సినిమాలొచ్చాయి. సినిమాకి నోరొచ్చిన కొత్తలో, మొదటి నాలుగైదేళ్ళలో తీసినవి. ఆరూ పాటల కామెడీలే. ఎవరింట్లోనో అటక మీద దొరికాయట. మేనేజరు ఆ డబ్బాలను చంటిపిల్లల్ని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పెట్టుకుని తెచ్చాడు. ఇరవై తొమ్మిదో తేదీన ఊళ్ళోవాళ్ళని పిలిచి హాల్లో వెయ్యాలట. ఈలోపు కిందంతస్తు వాళ్ళు బొమ్మ శుభ్రం చేస్తారు, నేను శబ్దం శుభ్రం చేస్తాను. ఇరవై ఆరేళ్ళుగా నా ఉద్యోగం ఇదే. వీధులూడ్చేవాళ్ళకి చీపురు, నాకు మౌసు.

మొదటిది చూశాను. తలుపు తీస్తే పాట. ఉత్తరమొస్తే పాట. హీరోగారి టోపీ గాలికెగిరిపోతే దానిమీద మూడు చరణాలు. పరిగెత్తి తెచ్చుకోరా నాయనా, పాడుతూ నిలబడితే టోపీ తిరిగొస్తుందా? ఇదంతా చూసి మేనేజరు కళ్ళొత్తుకున్నాడు. "ఎంత అమాయకమైన కాలమమ్మా అది!" అన్నాడు. అమాయకం కాదు, బుర్ర తక్కువ.

జూన్ 4, మంగళవారం

మైకు ఎక్కడ దాచారో కనిపెట్టడం నాకు పాత సరదా. అప్పట్లో మైకు ఒక్కటే ఉండేది, కదిలేది కాదు. ఈ రెండో సినిమాలో పూలకుండీలో దాచారు. గదిలో ఎనిమిదిమంది ఉంటారు. ఎవరికి మాటొచ్చినా లేచి, నడిచి, కుండీ దగ్గరికొచ్చి పూలతో చెప్పుకుంటారు. తండ్రి కూతుర్ని ఇంట్లోంచి పొమ్మంటాడు, కుండీ మీద అరుస్తూ. కూతురు తన గోడంతా అదే కుండీకి వెళ్ళబోసుకుంటుంది. మొత్తం సినిమాలో ఒళ్ళు దగ్గర పెట్టుకుని నటించింది ఆ కుండీ ఒక్కటే.

హీరోయిన్ గొంతు దారంలా సాగుతుందని డబ్బాతో వచ్చిన కాగితాల్లో రాసుంది. నాకు దారం కనబడలేదు, తెగిన ముక్కలు తప్ప. రికార్డింగు అంత దరిద్రంగా ఉంది.

జూన్ 6, గురువారం

అన్నం మాడింది. కొత్త కుక్కరు కూడా కూత వెయ్యడం లేదు. మారుద్దామంటే మా ఆయన వద్దంటాడు.

ఈయన బల్బు మార్చడానికి స్టూలెక్కి, బల్బు చేతిలో భద్రంగా పట్టుకుని, కాలు విరగ్గొట్టుకున్నాడు. బల్బుకి ఏమీ కాలేదు, అదొక గొప్ప. ఆరు వారాలు కట్టు. కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి కదా, ఇప్పుడు మిషన్లే ఇంటికొస్తున్నాయి. మంచం మీద నుంచే, "పెడల్ తొక్కవయ్యా" అని తొక్కించి, చప్పుడు విని, ఎక్కడ అరిగిందో చెప్పేస్తాడు. మిగతా టైమంతా తిరగలిలా కబుర్లు. ఏం చెప్పినా నవ్వుతూనే చెబుతాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ నవ్వుమొహంతో వేగుతున్నాను.

జూన్ 7, శుక్రవారం

పిట్ట గురించి రాయాలి.

ఆ పిల్లకి పేరుంది గాని నేను పిట్ట అనే అంటాను. ఆర్నెల్ల క్రితం చేరింది. మనిషి పిడికెడు, గొంతు చిటికెడు. ఏదో చెబుతుంది, నోరు కదులుతుంది, నాకు కిచకిచ తప్ప మాట అందదు. ఇప్పటి పిల్లలకి నోరు తెరిచి మాట్లాడడం ఎవరూ నేర్పడం లేదు. ఫోన్లో అయితే మరీ ఘోరం.

ఈ నెలాఖరుకి పిట్టని పర్మనెంట్ చెయ్యాలా, ఇంటికి పంపాలా అన్నది తేలాలి. రిపోర్టు రాయాల్సింది నేను. ఇంకా రాయలేదు.

మా దగ్గర ఒక రూలుంది, రెండో సంతకం. ఒకరు శుభ్రం చేసిన రీలుని ఇంకొకరు మొదట్నుంచి చివరిదాకా విని, పక్క గడిలో సంతకం పెట్టాలి. అప్పుడే అది బయటికి వెళ్తుంది. నా రీళ్ళకి మాత్రం పదేళ్ళుగా ఎవరూ వినకుండానే సంతకం పెడుతున్నారు. నేను చేశాక వినడానికేముంటుంది? పిట్ట ఒక్కతే కూర్చుని వింటుంది. కొత్త బిచ్చగత్తె పొద్దెరగనట్టు... వద్దులే, అంతమాట అనకూడదు.

జూన్ 10, సోమవారం

చెవుల పరీక్షకి రమ్మని ఉత్తరం. మా సెక్షన్లో ప్రతివాళ్ళకీ ఏటేటా తప్పనిసరి. పోయినేడు పని ఒత్తిడని రాసిచ్చి ఎగ్గొట్టాను. అంతకుముందేడు వెళ్ళాను. గాజుగదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. అద్దానికవతల కూర్చున్న నర్సు మీట నొక్కినప్పుడల్లా ఆవిడ భుజం కదిలేది. భుజం కదిలితే నేను నొక్కాను. "ఇరవయ్యేళ్ళ పిల్లకున్నట్టున్నాయి మేడమ్ మీ చెవులు" అంది, నవ్వుతూ. అందరూ చేసే పనే. ఆ పరీక్షలన్నీ ఒట్టి తంతు.

ఉత్తరం సొరుగులో పడేశాను. ఇరవయ్యో తేదీలోగా వెళ్ళాలట.

జూన్ 11, మంగళవారం

ఇన్నేళ్ళలో ఇంత తలతిక్క సినిమా చూడలేదు. ఇదే మిగతావాటికంటే గొప్పదని మేనేజరు తేల్చాడు. ఇరవై తొమ్మిదిన మొదట వేసేది ఇదేనట.

కథేమిటంటే, ఒక గుమాస్తా. వాడు పై అధికారి కూతుర్ని ప్రేమించాడు, పెద్ద ఘనకార్యం. అధికారి మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తుండగా దొంగచాటుగా ఇంట్లోకొస్తాడు. ఆ రోజు కోసమే కొత్త బూట్లు కొనుక్కున్నాడు. వాటిని దుకాణంలో ఒక పాట పాడి మరీ కొంటాడు. ఇక నాలుగో రీలంతా నడక. హాలు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడవడానికి నాలుగు నిమిషాలు.

మునివేళ్ళ మీద ఒక అడుగేస్తాడు. బిగుసుకుపోతాడు. కుర్చీలో కునికిపాట్లు పడుతున్న మేనత్త కళ్ళు తెరుస్తుంది. ఎందుకు? ఏమీ జరగలేదు! మళ్ళీ అడుగు. వంటవాడు తలుపులోంచి తొంగిచూస్తాడు. మళ్ళీ అడుగు. రగ్గు మీద పడుకున్న కుక్క తలెత్తుతుంది. కుక్కకి కూడా ఎవడో నేర్పాడు. తర్వాత వాడు అడుగేసి ఆగితే బ్యాండు 'డుమ్' అంటుంది. అడుగు, ఆగడం, డుమ్. ఎవరికి జవాబు చెబుతోందో ఆ బ్యాండుకే తెలియాలి. చివరికి బూట్లు విప్పి చంకలో పెట్టుకుని నడుస్తాడు. అప్పుడు ఒక్కరూ చూడరు! కుక్క కూడా పడుకుంటుంది! బూట్లు విప్పితే మనిషి మాయమైపోతాడా?

రిజిస్టర్లో రాశాను: 'నాలుగో రీలు. నటన అర్థరహితం. నిశ్శబ్దం ఎక్కువ.'

శబ్దాన్ని మేం తెర మీద బొమ్మలాగా చూస్తాం. లావు చప్పుళ్ళు కింద, సన్నవి పైన. ఆ నాలుగో రీల్లో పైన సన్నగా తెల్లటి గీతలున్నాయి, గడ్డిపరకల్లాగా. మధ్యమధ్య చిటపటల్లో కలిసిపోయాయి. విన్నాను, అక్కడేమీ లేదు. ప్రొజెక్టర్లో ఏ పన్ను విరిగిన చక్రమో ఫిల్ముని గీకి ఉంటుంది.

జూన్ 13, గురువారం

మంచం మీద మనిషికి పొద్దుపోవడం లేదని గోల. పోనీలే అని బూట్ల సినిమా మూలం కాపీ ఒకటి ఇంటికి తెచ్చాను. శుభ్రం చెయ్యనిది.

పెట్టి, నేను బట్టలు మడతపెడుతున్నాను. టోపీలు, ఉత్తరాలు, పాటలు, అన్నిటికీ ముసిముసిగా నవ్వాడు. నాలుగో రీలొచ్చింది. ఇక చూడాలి. దిండు పట్టుకుని, కట్టుకాలు పైకెత్తి, పొట్ట చేత్తో నొక్కుకుని నవ్వడం!

"ఏముందని ఆ నవ్వు?" అన్నాను.

"ఆ బూట్లు! అబ్బబ్బ... ఆ బూట్లు చూడవే!"

చూశాను. బూట్లలాంటి బూట్లు. నల్లవి, తాళ్ళు కట్టుకునేవి. వాటి వైపు చూసి ముప్ఫయ్యేళ్ళ సంసారం చేసిన మనిషి కళ్ళనీళ్ళు కారేలా నవ్వుతున్నాడు. మళ్ళీ వెనక్కి తిప్పించి రెండోసారి చూశాడు. రెండోసారీ అంతే నవ్వు. పడ్డప్పుడు తలకి కూడా దెబ్బ తగిలిందేమో అడగాలి డాక్టర్ని.

జూన్ 14, శుక్రవారం

నాలుగో రీలు పూర్తి. పైనున్న తెల్లగీతలన్నీ తుడిచేశాను. మిషనుకి అప్పజెబితే మోటుగా చేస్తుంది, అందుకే ఒక్కొక్కటీ చేత్తో తుడిచాను. అరవై ఒకటి. ఒక్కో గీతా వాడి అడుగుతో సరిగ్గా కలిసి పడుతోంది, విచిత్రం. చక్రం తిరిగినప్పుడల్లా ఒకేచోట గీకుతుంది కదా, అందుకే. ఇప్పుడు ఆ నడకలో బ్యాండు తప్ప ఇంకేమీ లేదు. నా చేతి పని ఇంత నీటుగా వచ్చి చాలా రోజులైంది. మెడ పట్టేసింది.

జూన్ 17, సోమవారం

పిట్ట సంతకం పెట్టనంది.

నా బల్ల ముందుకొచ్చి నిలబడి, "మేడమ్, నాలుగో రీలుకి నేను సంతకం పెట్టలేను. తీయకూడనిది తీసేశారు" అంది. ఈ రెండు మాటలూ మాత్రం స్పష్టంగా అంది, ఇంట్లో అద్దం ముందు వల్లించుకుని వచ్చినట్టు.

"ఏమిటది?" అన్నాను.

ఏదో చెప్పింది. కిచకిచ. పక్కన ఏసీ ఒకటి రొద. రెండోసారి అడిగే అలవాటు నాకు లేదు.

"నువ్వు పుట్టకముందు నుంచి వింటున్నానమ్మాయ్ ఈ రీళ్ళు. లేనివన్నీ వినబడుతుంటే పనికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి" అన్నాను. సెక్షనంతా వింటుండగానే అన్నాను. మొహం ఎర్రగా కందిపోయింది. ఒక చీటీ రాసి రీలు డబ్బాలో పెట్టి వెళ్ళిపోయింది. చీటీల్ని చదివే ఓపిక నాకు లేదు.

జూన్ 18, మంగళవారం

రిపోర్టు రాసిచ్చాను. 'ఈమెకు చెవి లేదు. లేని శబ్దాలు వింటుంది. పర్మనెంట్ చేయడానికి సిఫార్సు చేయను.' మూడే వాక్యాలు. ఇరవై నాలుగున పై ఆఫీసుకి వెళ్తుంది.

జూన్ 20, గురువారం

పరీక్షకి వెళ్ళలేదు. టైమెక్కడ?

జూన్ 21, శుక్రవారం

శుభ్రం చేసిన కాపీ ఇంటికి తెచ్చాను. మా ఆయన ఆ బురదలో చూసే అంత నవ్వాడు, నా పని చూస్తే ఏమంటాడో విందామనిపించింది. గొప్ప చెప్పుకోవాలని కాదు.

నిజమే, గొప్ప చెప్పుకోవాలనే.

నడక మొదలవగానే నవ్వడానికి తయారుగా దిండు దగ్గరికి లాక్కున్నాడు. అడుగు పడింది. మేనత్త చూసింది. వంటవాడు చూశాడు. కుక్క తలెత్తింది. ఈయన నవ్వలేదు. దిండు పట్టుకుని, తెరకేసి చూస్తూ, నుదురు ముడివేసి కూర్చున్నాడు. కుట్టుమిషన్ని వినేటప్పుడు అలా కూర్చుంటాడు.

"బూట్లు ఏమయ్యాయి?" అన్నాడు.

"కాళ్ళకే ఉన్నాయిగా. కళ్ళు కూడా పోయాయా మీకు?"

"కాళ్ళకున్నాయి సరే. వాటి చప్పుడేదీ? అడుగు అడుక్కీ కిర్రుమంటూ... కొత్త బూట్లు కదా, కిర్రు కిర్రుమని అందరినీ లేపేస్తుంటాయి. అదేగా తమాషా అంతా?"

అని నా మొహం చూశాడు. చూసి, మాట మింగేశాడు. నా జన్మలో మొదటిసారి ఆ మనిషి మొహంలో నవ్వు లేకుండా చూశాను.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు మీకు?" అన్నాను.

"పాత కుక్కరు మార్చమన్నావు చూడు, అప్పట్నుంచి. అది శుభ్రంగానే కూసేది. కొత్తది కొన్నాం. కొత్తదీ శుభ్రంగానే కూస్తోంది. నువ్వు దాన్నీ తిడుతున్నావు."

"ఏడాది పైనైంది! ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఊరుకునేదానివా? కుక్కర్ని తిట్టినట్టు నన్నూ తిట్టేదానివి. పోనీ, నేనున్నాను కదా, నేనే వెళ్ళి స్టవ్ కట్టేస్తే సరిపోతుందనుకున్నా. ఈ కాలు ఒకటి ఇప్పుడు..."

ఎంత మూర్ఖుడు. ఏడాదిగా వంటింట్లోకి ఊరికే వచ్చిపోతుంటే తిండియావ అనుకున్నాను. మొహాన్నే అనేశాను కూడా చాలాసార్లు. ఒక్కసారి కూడా మారుమాట్లాడలేదు.

బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుని ఏడ్చాను. రాస్తే ఏం పోయింది, ఎవరు చదువుతారు గనక.

జూన్ 22, శనివారం

సెలవు రోజైనా ఆఫీసుకెళ్ళాను. వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. మూలం కాపీ పెట్టి నాలుగో రీలు విన్నాను. సౌండు సగం, ముప్పావు, మొత్తం. వాచ్‌మన్ మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు, "ఏమైందమ్మా, ఎలుకా?" అంటూ రెండు చెవులూ మూసుకుని. ఆయనకి అరవై ఆరేళ్ళు. అద్దాలు లేకుండా సంతకం కూడా పెట్టలేడు. ఆయనకి వినబడింది.

నాకు బ్యాండు వినబడింది. అడుగుల బరువు వినబడింది. ఎక్కడో బ్యాండువాళ్ళలో ఒకడు దగ్గాడు, అది కూడా వినబడింది. బూట్లు వినబడలేదు. స్పీకరు మీద చెయ్యి వేసి చూశాను. ఏమీ లేదు.

చప్పుడు పూర్తిగా తగ్గించి కుక్కనొక్కదాన్నే చూశాను. తెల్లగీత పడిన ప్రతిసారీ దాని చెవి కదిలింది. ఎవడూ నేర్పలేదు దానికి. తొంభై ఏళ్ళ క్రితం చచ్చిపోయిన కుక్కకి వినబడుతోంది నాకు వినబడనిది.

డబ్బా తీసి చీటీ చదివాను. పిట్ట అక్షరాలు కూడా పిట్టల్లాగే ఉన్నాయి. 'మేడమ్, బూట్ల కిర్రు మొత్తం పోయింది. సీనంతా దాని మీదే ఉంది. చిటపటలు విడదీసి మళ్ళీ పెట్టొచ్చు. మీరు చెబితే నేను చేస్తాను.' ఇంత వినయంగా రాసింది. అదే రోజు నేను దాని చెవి గురించి సెక్షనంతటికీ చాటాను. మర్నాడు దాని ఉద్యోగం గొంతు నులిమాను.

ఎవరికీ చెప్పకుండా ఒక పని చెయ్యొచ్చు. మూలం నుంచి ఆ గీతలు అలాగే కోసి అతికించేసి, పిట్టని పిలిచి, 'సరే, సంతకం పెట్టు' అనొచ్చు. కానీ చిటపటలు ఏవో కిర్రు ఏదో నాకు తెలియదు. తెలియకుండా ఎక్కడ కోస్తాను? రిపోర్టు మాత్రం అలాగే వెళ్ళిపోతుంది. నా చెవులు ఇంకో ఏడాది ఇరవయ్యేళ్ళ పిల్ల చెవుల్లాగే ఉంటాయి.

గంటసేపు అది కూడా ఆలోచించాను. రాసుకోకపోతే అబద్ధమవుతుంది.

జూన్ 23, ఆదివారం

మా ఆయన రెండుసార్లు కదిలించబోయాడు. కరిచాను. స్టవ్ ఆయనే కట్టేశాడు, కర్రలేసుకుని వచ్చి. ఈసారి నేను చూస్తుండగానే.

జూన్ 24, సోమవారం

మేనేజరు కవరు అంటిస్తున్నాడు, నేను వెళ్ళేసరికి. నాలిక బయటపెట్టి మరీ తడుపుతున్నాడు. అసహ్యం.

"ఆ రిపోర్టు వెనక్కివ్వండి" అన్నాను.

"ఎందుకమ్మా? మీరు రాసిందే కదా?"

"తప్పు రాశాను. చెవి లేనిది ఆ పిల్లకి కాదు, నాకు."

నవ్వాడు, జోకనుకున్నాడు. ఈ ఆఫీసులో నేను జోకు వేసిందెప్పుడు గనక? అప్పుడు మొత్తం చెప్పాను. బూట్లు, అరవై ఒక్క గీతలు, నర్సు భుజం, అన్నీ. పళ్ళు బిగబట్టి చెప్పాను. వింటూ కుర్చీలో వెనక్కి వాలి, "ఇరవై ఆరేళ్ళమ్మా..." అన్నాడు. ఆ జాలిమొహం చూస్తే ఒళ్ళు మండింది. పోయిన రెండేళ్ళలో చేసిన రీళ్ళన్నీ మళ్ళీ వినిపించాలని నేనే చెప్పాను. పరీక్షకి నేనే తేదీ తీసుకుంటానన్నాను. నా కుర్చీ సంగతి వచ్చే నెల చూద్దామన్నాడు. చూడనీ.

అక్కడే కూర్చుని కొత్త రిపోర్టు రాశాను. అదీ మూడే వాక్యాలు. 'ఈమెకు మంచి చెవి ఉంది. తప్పు జరిగితే సంతకం పెట్టదు. వెంటనే పర్మనెంట్ చేయవలెను.'

పిట్ట దగ్గరికి వెళ్ళాను. పాత రిపోర్టు ఆమెకి తెలుసు, మేనేజరు నోట్లో నువ్వుగింజ నానదు. తలెత్తలేదు.

"నీ చీటీ చదివాను. నువ్వే కరెక్టు. నాకు వినబడలేదు" అన్నాను. "అందరి ముందూ అన్నమాట అందరి ముందూ వెనక్కి తీసుకుంటున్నాను." గట్టిగానే అన్నాను. నాకు మెల్లగా మాట్లాడడం రాదు, ఇప్పుడు కారణం కూడా తెలిసింది.

ఏదో అంది. అందలేదు. ఈసారి అడిగాను, "మళ్ళీ చెప్పు." ఆ రెండు ముక్కలూ అనడానికి నా తలప్రాణం తోకకొచ్చింది.

లేచి నిలబడి, నాకెదురుగా వచ్చి, నోరు బాగా తెరిచి చెప్పింది. "మూడ్రోజులు నిద్ర లేదు మేడమ్ నాకు. మా అమ్మకేం చెప్పాలో తెలియలేదు. నేనెన్నిసార్లు పిలిచినా మీరు పలకకపోతే పొగరనుకున్నాను."

"పొగరు కూడా ఉందిలే" అన్నాను.

నవ్వలేదు. నవ్వాల్సిన పనీ లేదు. హెడ్‌ఫోన్ తీసి నా చేతికిచ్చి, మళ్ళీ గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకుని, తనే పెట్టుకుంది. "కూర్చోండి. ఏ గీత ఎక్కడుందో మీకు గుర్తుంటుంది కదా" అంది.

గుర్తుంది. అరవై ఒకటీ గుర్తున్నాయి.

జూన్ 26, బుధవారం

నేను గీతనీ, దాన్నంటుకున్న మచ్చల్నీ ఒక్కొక్కటిగా చూపిస్తాను. తను వింటుంది. కిర్రయితే తలూపుతుంది, చిటపటయితే అడ్డంగా ఊపుతుంది. రెండు రోజుల్లో నలభై ఎనిమిది. ఒకచోట పదినిమిషాలు వాదించుకున్నాం. కింద బ్యాండువాడి దగ్గు కలిసిందని నేనంటాను, లేదంటుంది. నేనే కరెక్టు. లావు చప్పుళ్ళలో ఇప్పటికీ నన్ను కొట్టేవాళ్ళు లేరు. తను మళ్ళీ విని, తలదించుకుని, "అవును మేడమ్, దగ్గే" అంది. హాయిగా అనిపించింది.

జూన్ 27, గురువారం

పరీక్షకి వెళ్ళాను. అదే నర్సు. "ఒక్క నిమిషం" అని కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాను.

చాలాసేపు గోడనే చూశాను. సన్నవి ఒక్కటీ రాలేదు.

జూన్ 29, శనివారం

బూట్ల సినిమా వేశారు. రెండో సంతకం పిట్టది. మొదటి సంతకం గడిలో మేనేజరు నన్నే పెట్టమన్నాడు. ఇద్దరి పేర్లూ అందులోనే ఇరికించి రాశాను, అంగుళం గడిలో.

హాలు నిండింది. మా ఆయన్ని కర్రలతో తీసుకెళ్ళాను, కట్టుకాలు నడవలోకి చాపి కూర్చున్నాడు. పిట్ట మూడు వరసల ముందు, వాళ్ళమ్మతో. పాటలకి జనం కాస్తకాస్త నవ్వారు. ఇంత చెత్తకి ఎలా నవ్వబుద్ధవుతుందో.

నాలుగో రీలొచ్చింది. నిశ్శబ్దంలో వాడు కాలెత్తాడు. దించాడు. అంతే, హాలంతా ఒక్కసారి గొల్లుమంది. మేనత్త కళ్ళు తెరవగానే మళ్ళీ. కుక్క తలెత్తగానే ఇక పట్టపగ్గాల్లేవు. ముందు వరసలో ఒకాయన సీటులోంచి జారిపోయాడు. పిట్ట వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. నేను చుట్టుపక్కల మొహాలు చూస్తూ నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాను, శత్రువు ఇంటికి భోజనానికి వచ్చినదానిలా.

అప్పుడు మా ఆయన నా చెయ్యి లాగి తన ఒళ్ళో పెట్టుకుని మణికట్టు మీద వేలుతో నొక్కాడు. ఒకటి. ఆగాడు. ఇంకొకటి. ఏమిటీ వేషాలు అనబోయాను. తెర మీద అడుగు పడింది, వేలు నొక్కింది. బ్యాండు డుమ్మంది, అది నాకు వినబడింది. మళ్ళీ వేలు. బ్యాండు ఎవరికి జవాబు చెబుతోందో అప్పటికి తెలిసింది. నవ్వొచ్చింది. అందరి కంటే ఒక క్షణం ఆలస్యంగా, బయటికే నవ్వాను.

ఇప్పటికీ అదే అంటాను, అది తలతిక్క సినిమా. టోపీ పాట మళ్ళీ వినమంటే చెవిలో దూది పెట్టుకుంటాను. మా ఆయన కూడా ఒక పని ఒప్పజెబితే సరిగ్గా చేసి ఏడ్చేదెప్పుడు? నేను లెక్కపెట్టాను. యాభై ఎనిమిదే నొక్కాడు. మూడు తప్పాడు, నవ్వుతూ.